లెక్క ఏ భాషలో చేస్తున్నారు?

మా అమ్మ చిల్లర లెక్కపెడుతుంటే పెదవులు కదులుతాయి గాని మాట అర్థం కాదు. "తిత్, హ్నిత్, తోన్, లే, ఙా..." చిన్నప్పుడు అదేదో మంత్రమనుకొనేవాణ్ణి. బర్మా భాషలో ఒకటి నుంచి అయిదు వరకు అంకెలవి! మన వర్ణమాలలో పనిలేక కూర్చున్న 'ఙ'కు అక్కడ చేతినిండా పనే. 'ఙా' అంటే అయిదు, చేప కూడా. గొంతు తగ్గించి పలికితే 'నేను'.

మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఒకప్పుడు వేలాదిమంది ఓడలెక్కి రంగూన్ వెళ్లేవారు. రేవులో మూటలు మోసేవారు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవారు. మా తాతగారూ అలా వెళ్లినవారే. అమ్మ అక్కడే పుట్టి, బర్మా బడిలో ఎక్కాలు నేర్చింది. 1962లో ఆ దేశంలో సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలను జాతీయం చేసి, పెద్ద నోట్లను రద్దు చేసింది. బతుకుతెరువు పోయిన భారతీయులెందరో తిరిగివచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట వారి వల్ల ఏర్పడిందే. అమ్మకప్పుడు 14 ఏళ్లు. పెద్దలకది సొంత ఊరికి రావడం. తనకు మాత్రం కొత్త దేశం.

ఇంట్లో తెలుగే గనుక మాటకు ఇబ్బంది లేదు. చిక్కంతా లెక్కల తరగతిలో వచ్చింది. నోటిలెక్క అడిగితే జవాబు ఆలస్యమయ్యేది. మందమతి అని తేల్చి, రెండు తరగతులు కిందికి దించారు.

ఆ తీర్పు తప్పు. ఎందుకో చూడండి. "ఏడు ఎనిమిదులు యాభై ఆరు" అన్నప్పుడు మీరు గుణిస్తున్నారా? లేదు. వల్లెవేసిన వాక్యాన్ని గుర్తు తెచ్చుకుంటున్నారు. ఆ వాక్యం ఏ భాషలో మెదడులో చేరిందో ఆ భాషలోనే తొందరగా బయటికి వస్తుంది. వేరే భాషలో అడిగితే ప్రశ్నను మార్చుకోవాలి, జవాబును మళ్లీ మార్చాలి.

2001లో స్పెల్కీ, త్సివ్కిన్ అనే శాస్త్రజ్ఞులు దీనిపై ఒక పరిశోధన ప్రచురించారు. రష్యన్, ఇంగ్లీషు రెండూ వచ్చిన కాలేజీ విద్యార్థులకు కొన్ని కొత్త లెక్కలు ఒక భాషలో నేర్పి, రెండింటిలోనూ అడిగారు. కచ్చితమైన జవాబు కావలసిన చోట, నేర్పని భాషలో ఆలస్యమైంది. "సుమారుగా ఎంత?" అన్నప్పుడు మాత్రం ఏ భాషయినా ఒకటే! ఉజ్జాయింపుకు మాటలతో అంత పని లేదన్నమాట. బడిలో తడబడిన అమ్మే సంతలో గంపను చూసి ఎన్ని వంకాయలున్నాయో ఇట్టే చెప్పేదట.

ఇప్పుడు మీరొక ప్రయోగం చేయవచ్చు. తెలుగులో ఎక్కాలు నేర్చి, తర్వాత ఇంగ్లీషు మీడియంలో చేరిన మిత్రుణ్ణి కూర్చోబెట్టండి. తెలుగులో పది, ఇంగ్లీషులో పది ప్రశ్నలు అడిగి, ఒక్కొక్క జవాబుకు ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. ఒకే ప్రశ్నను రెండు భాషల్లోనూ అడగకండి. మొదటి జవాబు గుర్తుండిపోతుంది. అలాగని ఒక భాషలో సులువైనవి, మరో భాషలో కష్టమైనవి అడిగినా ప్రయోగం చెడుతుంది. మొదట తెలుగా, ఇంగ్లీషా అన్నది బొమ్మా బొరుసా వేసి తేల్చండి.