ఎగువనే కట్టాల్సిన కట్ట

1996 మార్చి 8న నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు జారీ చేసి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్యం వెదజల్లే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రాకుండా కట్టడి విధించింది. మొయినాబాద్ మండలంలోని గ్రామాలతో పాటు చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్, శంషాబాద్, రాజేంద్రనగర్ మండలాల గ్రామాలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తిన తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సిఫారసుల మేరకు 1920లో మూసీ మీద, 1927లో ఈసీ మీద పూర్తయిన ఈ జలాశయాలు వరదను ఆపడమే కాక, దశాబ్దాల పాటు నగరం దాహం తీర్చాయి. నగరంలో ఇంటింటికీ వెళ్లి నీళ్లు కాచి తాగమని చెప్పడం కంటే, ఆ నీరు వచ్చే దారిలోనే విషం కలవకుండా చూడడం మేలన్న ప్రజారోగ్య శాస్త్రపు తొలి పాఠమే ఆ ఉత్తర్వుకు ఆధారం. అయితే నగరం పొందిన రక్షణకు మూల్యం చెల్లించింది ఎగువన ఉన్న రైతులు. పక్క మండలాల్లో భూముల ధరలు ఆకాశాన్నంటుతుంటే తమ పొలాలకు గిరాకీ లేకుండా పోయిందని వారు పాతికేళ్లు మొరపెట్టుకున్నారు. 2022 ఏప్రిల్ 12న 69వ నంబరు ఉత్తర్వుతో తెలంగాణ ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించడానికి ఆ మొర ఒక ప్రధాన కారణం.

ఇప్పుడు ఇదే నేల మీదికి మరో రకమైన ప్రమాదం వచ్చింది. చేతిలోని ఫోన్‌లో ఆట రూపంలో వచ్చే ఈ ప్రమాదం విషయంలో భారమంతా తలకిందులైంది. ఎగువన ఉన్నవారికి, అంటే ఆటను తయారు చేసి, ప్రచారం చేసి, డబ్బు వసూలు చేసుకునేవారికి దాదాపు ఏ కట్టడీ లేకపోగా, దిగువన ఉన్న తల్లిదండ్రులు మాత్రం రాత్రింబవళ్లు కాపలా కాయాల్సి వస్తోంది.

భూమి పోయి వచ్చిన డబ్బు

2022 డిసెంబరులో, చేవెళ్ల శాసనసభ నియోజకవర్గంలోనే ఉన్న షాబాద్ మండలంలో ఒక రైతు కుటుంబానికి జరిగిన నష్టం పత్రికలకెక్కింది. పారిశ్రామిక అవసరాల కోసం ప్రభుత్వం తీసుకున్న భూమికి పరిహారంగా ఆ కుటుంబానికి కోటి రూపాయలకు పైగా సొమ్ము అందింది. ఆ సొమ్ముతో నగరానికి దగ్గరలో మరో చోట భూమి కొనుక్కోవాలని ఇంటివారు అనుకుంటుండగా, డిగ్రీ చదువుతున్న కొడుకు ఫోన్‌లో కనిపించిన ఒక కేసినో ఆటలో దిగి సుమారు 92 లక్షల రూపాయలు పోగొట్టాడు. అదే సంవత్సరం జూన్‌లో హైదరాబాద్ అంబర్‌పేటలో పదహారేళ్ల బాలుడు ఫ్రీ ఫైర్ అనే పోరాట ఆట కోసం తల్లి ఖాతాలో నుంచి సుమారు 36 లక్షలు ఖర్చు చేసిన సంగతి వెలుగులోకి వచ్చింది.

ఈ రెండు సంఘటనలను కలిపి చూసినవారు చాలామంది ‘పిల్లలు చెడిపోయారు’ అన్న మాటతో ముగించారు. నిజానికి ఆ రెండూ వేర్వేరు జాతుల ఆటలు. మొదటిది పూర్తిగా జూదం. డబ్బు పెట్టి, అదృష్టం మీద ఆధారపడి, డబ్బు గెలుచుకోవచ్చన్న ఆశ చూపుతుంది. రెండోది ఉచితంగా దొరికే ఆట. అందులో గెలిస్తే చేతికి పైసా రాదు, కానీ డైమండ్లు, స్కిన్లు, పాస్‌లు కొనడానికి, పిల్లల భాషలో టాప్‌అప్ చేయడానికి, అడుగడుగునా పిలుపు ఉంటుంది. చట్టం ఈ రెంటినీ వేరు చేసి చూస్తుంది. ప్రజారోగ్య దృష్టితో చూసినప్పుడు మాత్రం రెంటి లోపలా పనిచేసే యంత్రాంగం ఒకటే. అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ గత శతాబ్దంలోనే ప్రయోగాల ద్వారా చూపినట్టు, ప్రతిసారీ తప్పక దొరికే బహుమతి కంటే ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమతి కోసం ప్రాణి ఎక్కువ సార్లు, విసుగు లేకుండా ప్రయత్నిస్తుంది. ఈ సూత్రం మీదే కేసినో యంత్రం నడుస్తుంది. లోపల ఏముందో చెప్పకుండా డబ్బు తీసుకుని తెరిపించే మాయపెట్టె, ఆటల పరిభాషలో లూట్ బాక్స్, నడిచేదీ దీని మీదే. దీనికి తోడు రూపాయలను ముందుగా డైమండ్లుగానో, యూసీ అనే నాణేలుగానో మార్పించడం వల్ల, ఎంత ఖర్చవుతోందన్న లెక్క ఆడేవాడి మనసు నుంచి జారిపోతుంది.

ఇక్కడ స్థానిక పరిస్థితిని కూడా గమనించాలి. చేవెళ్ల, షాబాద్ ప్రాంతాల్లో తరతరాలుగా ఏడాదికి ఒకటి రెండు సార్లు, పంట అమ్మినప్పుడు మాత్రమే ఇంటికి డబ్బు వచ్చేది. భూసేకరణ పరిహారంగానో, ప్లాట్ల అమ్మకం ద్వారానో ఒక్కసారిగా లక్షలు, కోట్లు బ్యాంకు ఖాతాలో పడడం, ఆ ఖాతా ఇంట్లో చదువుకున్న కుర్రవాడి ఫోన్‌కు అనుసంధానం కావడం, పెద్దలకు ఆ ఫోన్ వాడకం తెలియకపోవడం, ఇవన్నీ ఒకే తరంలో జరిగిపోయాయి. కంటికి కనిపించే పొలం కనిపించని అంకెగా మారినప్పుడు దానికి గట్టు లేకుండా పోయింది.

ఆటంతా జబ్బు కాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మేలో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో ‘గేమింగ్ డిజార్డర్’ను, అంటే ఆటల వ్యసన రుగ్మతను, చేర్చింది. ఆట మీద అదుపు తప్పడం, చదువు, నిద్ర, తిండి వంటి అన్నింటి కంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం జరుగుతోందని తెలిసినా కొనసాగించడం, ఈ మూడూ జీవితాన్ని దెబ్బతీసే స్థాయిలో, సాధారణంగా ఏడాది పాటు కనిపిస్తేనే దాన్ని రుగ్మతగా గుర్తించాలని ఆ నిర్వచనం చెబుతుంది. ఇదే సంస్థ 2020 మార్చిలో, కరోనా భయంతో లోకమంతా తలుపులు మూసుకున్న రోజుల్లో, ఇంట్లో ఉండి దూరంగానే కలిసి ఆడుకోమంటూ ఆటల కంపెనీలు చేపట్టిన ప్రచారానికి మద్దతు పలికింది. దీన్ని పరస్పర విరుద్ధమని ఎద్దేవా చేసినవారున్నారు. అది విరుద్ధం కాదు. కోట్ల మందికి వినోదమైనది కొద్దిమందికి వ్యాధి కావచ్చు.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, కంపెనీల నుంచి ఆటగాళ్ల వాస్తవ సమయ వివరాలు తీసుకుని దాదాపు 39 వేల మందిపై జరిపి 2022లో ప్రకటించిన అధ్యయనం, ఆడే గంటల సంఖ్యకూ మానసిక క్షేమానికీ చెప్పుకోదగ్గ కార్యకారణ సంబంధం కనిపించలేదని తేల్చింది. గంటలను లెక్కబెట్టి పిల్లలను శిక్షించే పెద్దలు ఈ ఫలితాన్ని శ్రద్ధగా చదవాలి. ఎంతసేపు ఆడుతున్నారన్న దాని కంటే ఎందుకు ఆపలేకపోతున్నారన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు సగం ఆట నిర్మాణంలోనే ఉంటుంది.

నిషేధాల చరిత్ర

తెలంగాణ ప్రభుత్వం 2017లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీ వంటి ఆటలను నిషేధించింది. ఈ విషయంలో దేశంలో ముందడుగు వేసిన రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. షాబాద్ మండలంలో 92 లక్షలు పోయింది ఆ చట్టం వచ్చిన ఐదేళ్ల తర్వాత. దేశంలో నమోదైన కంపెనీలు తెలంగాణ ఆటగాళ్లను అడ్డుకున్నా, విదేశాల నుంచి నడిచే బెట్టింగ్ యాప్‌లకు ఆ గీత కనిపించలేదు. వాటిని ఊరూరికీ చేర్చింది తెలిసిన ముఖాలే. 2025 మార్చిలో మియాపూర్ పోలీసులు బెట్టింగ్ యాప్‌ల ప్రచారం ఆరోపణపై సినీ నటులు, యూట్యూబర్లు కలిపి 25 మందిపై కేసు నమోదు చేశారు. అప్పటికే ఆర్టీసీ ఎండీ హోదాలో ఉన్న వి.సి. సజ్జనార్ ఈ యాప్‌లకు వ్యతిరేకంగా సామాజిక మాధ్యమాల్లో గట్టిగా గొంతెత్తుతూ వచ్చారు.

2020 సెప్టెంబరు 1న తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు టీవీ, ఫోన్ల ద్వారా డిజిటల్ తరగతులు మొదలయ్యాయి. మర్నాడే కేంద్రం పబ్‌జీ అనే పోరాట ఆటతో సహా 118 యాప్‌లను నిషేధించింది. బడి ఫోన్‌లోకి వచ్చిన మరుసటి రోజే ఆట ఫోన్‌లో నుంచి పోయిందని తల్లిదండ్రులు సంతోషించి ఉంటారు కానీ, ఆ నిషేధానికి చూపిన కారణం దేశ భద్రతే తప్ప పిల్లల ఆరోగ్యం కాదు. అందుకే 2021లో అదే తరహా ఆట బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపు వారికి రోజుకు మూడు గంటలు, 7 వేల రూపాయలు అన్న పరిమితులను అప్పుడు ప్రకటించారు. చేవెళ్ల మార్కెట్‌కు క్యారెట్, టమాటా తెచ్చి అమ్ముకునే కుటుంబాల పిల్లవాడికి రోజుకు ఏడు వేలు పరిమితి అనడం రక్షణ చర్య కాదు, అనుమతి పత్రం.

పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించగా అదే నెల 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం ఈ చరిత్రలో పెద్ద మలుపు. డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆటలను నైపుణ్యమా, అదృష్టమా అన్న తర్కం లేకుండా నిషేధించి, నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, ప్రకటనలిచ్చేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా విధించే వీలు కల్పించడమే కాక, బ్యాంకులు అలాంటి చెల్లింపులకు దారి ఇవ్వకూడదని చెప్పింది. ఆడేవాడిని నేరస్థుడిగా కాక నష్టపోయినవాడిగా చూడడం ఇందులో మెచ్చదగిన అంశం. దీన్ని సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టుకు చేరాయి. అయితే మాయపెట్టెలు, ఎడతెగని కొనుగోళ్ల పిలుపులు ఉన్న ఉచిత ఆటలు ఈ నిషేధం వెలుపలే ఉన్నాయి.

దక్షిణ కొరియా 2011లో పదహారేళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరింటి వరకు ఆన్‌లైన్ ఆటలు ఆడకుండా చట్టం చేసి, పదేళ్ల అనుభవం తర్వాత దాన్ని ఎత్తేసింది. బెల్జియం మాత్రం గంటల జోలికి పోకుండా 2018లో డబ్బుతో తెరిచే మాయపెట్టెలను జూదంగా ప్రకటించింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ తయారీ సంస్థ ఎపిక్ గేమ్స్‌ను 52 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పించింది, అందులో 24.5 కోట్లు, తికమక పెట్టే బటన్ల అమరిక వల్ల తెలియక కొనుగోళ్లు చేసినవారికి తిరిగి ఇవ్వడానికి. మన దేశంలోనూ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటి 13 రకాల ‘డార్క్ ప్యాటర్న్స్’ను, అంటే వినియోగదారుణ్ని ఏమార్చే తెర అమరికలను, గుర్తించి నిషేధించింది. ఆ నిబంధనలను పిల్లల ఆటలకు వర్తింపజేసి ఒక్క కంపెనీ చేత గట్టిగా డబ్బు కక్కించినా, వంద అవగాహన సదస్సులకు మించిన ఫలితం ఉంటుంది.

రోడ్డు చెప్పే సాక్ష్యం

ఎగువన సరిదిద్దకపోతే ఏమవుతుందో చేవెళ్లకు తెలిసినంతగా మరే ఊరికీ తెలియదు. 2025 నవంబరు 3 ఉదయం మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్, తాండూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న ఆర్టీసీ బస్సును ఢీకొనడంతో 19 మంది ప్రాణాలు కోల్పోయారు. అంతకు ముందు ఏడాది డిసెంబరులో ఆలూరు స్టేజీ వద్ద రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవారి మీదికి లారీ దూసుకెళ్లింది. ఈ రెండు ప్రమాదాలూ జరిగిన, అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు ఉన్న 46 కిలోమీటర్ల దారి విస్తరణ, మర్రిచెట్ల రక్షణ వివాదం మధ్య ఏళ్ల తరబడి నిలిచిపోయింది. అమెరికాలో 1960లలో రహదారి భద్రతా సంస్థకు తొలి అధిపతిగా పనిచేసిన వైద్యుడు విలియం హాడన్, ప్రమాదాన్ని డ్రైవరు తప్పుగా మాత్రమే చూడకుండా మనిషి, వాహనం, రోడ్డు అనే మూడింటినీ, ప్రమాదానికి ముందు, ఆ క్షణం, ఆ తర్వాత అనే మూడు దశల్లో విడివిడిగా పరీక్షించాలని నేర్పాడు. డివైడర్ లేని దారిలో డ్రైవర్లకు నీతులు చెప్పి ఊరుకోవడం ఎంత అన్యాయమో, గట్టు లేని ఆటలో పిల్లవాడికి నిగ్రహం బోధించి ఊరుకోవడం అంతే అన్యాయం.

హాడన్ పద్ధతి ప్రకారం చూస్తే చేయగలిగిన పనులు స్పష్టంగానే కనిపిస్తాయి. చేవెళ్ల రెవెన్యూ డివిజన్‌లో భూ పరిహారం చెల్లించే రోజునే, కుటుంబం కోరితే ఆ సొమ్ములో పెద్ద భాగాన్ని యూపీఐకి అందని ప్రత్యేక డిపాజిట్‌గా ఉంచే ఏర్పాటు ఉండాలి. పెద్ద మొత్తం బయటికి వెళ్లే ముందు ఖాతాదారులైన పెద్దలకు బ్యాంకు నుంచి తెలుగులో ఫోన్ రావాలి. ఆటల్లో మాయపెట్టెలను పిల్లలకు పూర్తిగా నిషేధించాలి. అజీజ్‌నగర్‌లోని విద్యాజ్యోతి కళాశాల మొదలుకొని మొయినాబాద్ చుట్టుపక్కల ఉన్న ఇంజినీరింగ్ కళాశాలల్లో చదివే వేలాది విద్యార్థుల్లో రేపు ఇలాంటి యాప్‌లు రాసేవారూ ఉంటారు కాబట్టి, తెర మీది ఒక బటన్ ఎవరి ఇంటిని ఎలా కూల్చగలదో వారి పాఠ్యాంశాల్లో ఉండాలి. 2016లోనే యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం ప్రత్యేక విధానం ప్రకటించిన రాష్ట్రానికి ఈ బాధ్యత మరింత ఉంది.

ఈ లోపు ఏ ఇంట్లోనైనా డబ్బు పోయిందని తెలిస్తే, పరువు పోతుందని రోజులు గడపకుండా వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ ఆ సొమ్మును బ్యాంకుల్లో నిలిపివేసే అవకాశం తగ్గిపోతుంది. పోగొట్టుకున్న పిల్లవాడిని ఆ రాత్రి తిట్టకూడదు, ఒంటరిగా వదిలేయకూడదు. 14416 నంబరులో టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సేవ సలహాదారులు ఏ వేళలోనైనా, తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.