నీటిని చదివితేనే గాలానికి చేప

టెక్సాస్ జలాశయాల్లో బాస్, క్రాపీ చేపలు రుతువు మారినప్పుడల్లా చోటు మారుస్తాయి, తిండి మారుస్తాయి. ఆ కదలిక తెలిసినవాళ్ల చేతిలోనే ఎరకు విలువ.

1992 జనవరి 24. తూర్పు టెక్సాస్‌లోని లేక్ ఫోర్క్ జలాశయం. క్రాపీల కోసం వచ్చిన బ్యారీ సెయింట్ క్లెయిర్ బతికున్న చిన్న చేపను కొక్కేనికి గుచ్చి 42 అడుగుల లోతుకు దించారు. క్రాపీ అరకిలో తూగితే మంచి చేప కింద లెక్క. ఆయన గాలానికి తగిలింది మాత్రం 18.18 పౌండ్ల లార్జ్‌మౌత్ బాస్. అంటే 8 కిలోల పైచిలుకు! టెక్సాస్ రాష్ట్ర రికార్డు నేటికీ అదే.

అదృష్టం కలిసొచ్చిందనుకోవడం తేలిక. కానీ ఆ రోజు ఆయన చేసిన పనులు వరసగా చూడండి. నడి చలికాలంలో లోతు నీటికి వెళ్లారు. చిన్న ఎర వేశారు. దాన్ని పరుగులు పెట్టించకుండా ఒకేచోట నిలిపారు. జనవరిలో ఆకలిగొన్న చేప ఎక్కడుంటుందో, ఎలాంటి తిండిని అందుకుంటుందో వాటికి అచ్చంగా సరిపోయిన పనులవి. గాలం వేటలో నేర్చుకోవాల్సిన అసలు విద్య ఇదే. ఎర దుకాణంలో ఏ రంగు మెరుస్తోందన్నది తర్వాతి మాట. ముందు తెలియాల్సింది నీరు ఎంత చల్లగా ఉంది, అందులో చిన్న చేపలు ఎటు పోతున్నాయి అన్నదే.

ఒకే కుటుంబం... వేర్వేరు గుణాలు

బాస్, క్రాపీ రెండూ ఉత్తర అమెరికా చేపలే. రెండూ సన్‌ఫిష్ కుటుంబానివే. గుణాలు మాత్రం వేరు. బాస్ ఒంటరిగా మాటువేస్తుంది. మోడు చాటునో నాచు నీడనో కదలకుండా ఉండి, దగ్గరికొచ్చిన చేపను నోరు బార్లా తెరిచి నీటితో సహా లోపలికి పీల్చేస్తుంది. మన కొరమేనును ఎరిగినవాళ్లకు ఈ వేట కొత్త కాదు. అదీ ఇలాగే తుంగలో పొంచి ఉంటుంది, పిల్లల్ని దగ్గరుండి కాపాడుకుంటుంది. తెలంగాణ రాష్ట్ర చేప అయిన ఈ కొరమేను జాతికి అమెరికాలో మాత్రం ప్రవేశం లేదు. అక్కడి చేపల్ని తినేస్తుందన్న భయంతో 2002 నుంచి వాటిని బతికున్నవిగా తీసుకురాకుండా నిషేధించారు.

క్రాపీలది గుంపు జీవితం. ఒకటి దొరికిందంటే అక్కడే ఇంకా ఉన్నాయన్నమాటే. చూపు పైకి ఉంటుంది కాబట్టి తమకన్నా పైన ఉన్న ఎర కోసం లేస్తాయి, కిందికి జారిపోయినదాని జోలికి పెద్దగా పోవు. నోటి చుట్టూ ఉండే పొర ఎంత పల్చనంటే, గట్టిగా గుంజితే చిరిగి చేప జారిపోతుంది. బాస్‌కు కొక్కెం దిగాలంటే రాడ్‌ను బలంగా లాగాలి. క్రాపీకి మణికట్టు కాస్త పైకెత్తితే చాలు.

చలికాలం: లోతున, నిదానంగా

చేప ఒంటికి సొంత వేడి ఉండదు. నీరు చల్లబడేకొద్దీ దాని ఒళ్లూ చల్లబడుతుంది, అరుగుదల మందగిస్తుంది. దూరం పరుగెత్తి వేటాడే ఓపిక ఉండదు. బాస్‌కూ క్రాపీకీ ప్రధాన ఆహారమైన షాడ్ అనే వెండిరంగు చిన్న చేపలు లోతు నీటికి దిగిపోతాయి. వాటి వెంటే ఈ రెండూ వెళతాయి.

టెక్సాస్ జలాశయాల్లో దాదాపు అన్నీ నదులకు, వాగులకు అడ్డుకట్టలు వేసి నింపినవే. శ్రీశైలం నీటి కింద ఊళ్లు మునిగినట్టే అక్కడా పాత వాగులు, చెట్లు, రోడ్లు నీటి అడుగున ఉండిపోయాయి. లేక్ ఫోర్క్‌లోనైతే చాలాచోట్ల చెట్లను కొట్టకుండానే నీళ్లు నింపారు. ఆ మోడులూ, వంతెన స్తంభాలూ, పాత వాగు మలుపులే చలికాలంలో క్రాపీల నెలవు. సన్నటి లైనుకు 2 గ్రాములైనా లేని జిగ్ (తలకు బరువు పోసిన కొక్కెం) కట్టి, పడవ పక్కనే నిలువుగా దించి, గుంపుకు ఒక అడుగు పైన ఆపితే మంచిది. బాస్‌కైతే బరువైన జిగ్, లేదంటే చిన్న చేప ఆకారంలో ఉండే జెర్క్‌బైట్ వాడాలి. దాన్ని రెండుసార్లు కుదిపి, ఓపికగా ఆగాలి. కాటు పడేది ఆ ఆగినప్పుడే.

వసంతం: ఒడ్డుకు చేరే కాలం

ఫిబ్రవరి చివర్లో ఎండలు కాస్త ముదిరి నీరు 13 డిగ్రీల సెల్సియస్ దాటితే బాస్‌లు లోతు వదిలి గుడ్లు పెట్టే చోట్ల వైపు కదులుతాయి. రొయ్యను పోలిన క్రాఫిష్‌లూ అప్పుడే బయటికొస్తాయి. అందుకే తూర్పు టెక్సాస్‌లో ఆ రోజుల్లో ఎరుపు రంగు లిప్‌లెస్ క్రాంక్‌బైట్‌కు అంత పేరు. లోపల గుండ్లు గలగలలాడే ఆ ఎరను నాచు మీదుగా లాగి, చిక్కుకున్నప్పుడు ఒక్క ఊపున విడిపిస్తారు. బాస్ విరుచుకుపడేది ఆ క్షణంలోనే.

నీరు 16 నుంచి 18 డిగ్రీలకు చేరితే క్రాపీలు ఒడ్డుకొస్తాయి. డాగ్‌వుడ్ చెట్లు పూస్తే క్రాపీల రోజులొచ్చినట్టేనని అక్కడి పాతతరం గురుతు. పడవ లేనివాళ్లకు ఇదే పండగ. బెండు కింద రెండుమూడు అడుగుల దారం వదిలి, చిన్న జిగ్‌నో బతికున్న చేపపిల్లనో తుంగ పక్కన వేస్తే చాలు. బెండు మునిగినా, ఉన్నట్టుండి పక్కకు ఒరిగినా కాటు పడ్డట్టే. క్రాపీ ఎరను పట్టుకుని పైకి లేస్తే, దారంలో బరువు తగ్గి బెండు ఒరుగుతుంది.

ఇంచుమించు అవే రోజుల్లో మగ బాస్ తోకతో అడుగు మట్టిని ఊడ్చి గూడు చేస్తుంది. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోయాక కాపలా అంతా తండ్రిదే. దగ్గరికొచ్చిన దేన్నైనా అది తరుముతుంది. ఆకలితో కాదు, పిల్లల కోసం. ఆ చేపను పట్టుకుని దూరం తీసుకెళితే గూడు నిమిషాల్లో ఇతర చేపల పాలవుతుంది. గూటి మీది చేపను ముట్టకపోవడమే న్యాయం. పట్టినా అక్కడికక్కడే వదిలేయాలి.

టెక్సాస్ రిగ్: చేతిలో చూస్తే...

ఏ కాలంలోనైనా పనికొచ్చే ఎర ఒక్కటి చెప్పమంటే ప్లాస్టిక్ వానపామే చెబుతాను. ఒహాయోలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ దీన్ని 1949లో తయారుచేశారు. తర్వాత ఆయన వ్యాపారం టెక్సాస్‌లోని టైలర్‌కు చేరింది.

దీన్ని కట్టే పద్ధతి, అంటే టెక్సాస్ రిగ్, మోడుల మధ్య వేటకే పుట్టినట్టుంటుంది. తూటా ఆకారంలో ఉన్న బరువును ముందుగా లైనులోకి ఎక్కిస్తారు. చివర్లో కొక్కెం కడతారు. కొక్కెం మొనను వానపాము తలలోకి ఒక సెంటీమీటరు దాకా గుచ్చి, పక్కనుంచి బయటికి తీసి, తిప్పి, మళ్లీ ఒంట్లోకి దిగేలా దాచేస్తారు. వానపాము తిన్నగా వేలాడాలి. ఏమాత్రం వంకరపోయినా నీటిలో గింగిరాలు తిరిగి లైను మెలిపడుతుంది. మొన బయటికి లేదు కాబట్టి కొమ్మకూ నాచుకూ తగులుకోదు. విసిరాక అడుగు తాకేదాకా వదలాలి. రాడ్ పైకెత్తి, మళ్లీ జారనివ్వాలి. చాలాసార్లు జారుతున్నప్పుడే కాటు పడుతుంది. చేతికి ‘టక్’మని తెలుస్తుంది, లేదా లైను తనంతట తాను పక్కకు నడుస్తుంది. వదులు లాగేసి, ఒక్క ఊపున ఎత్తాలి. దాగిన మొన ప్లాస్టిక్‌ను చీల్చుకుని చేప దవడలో దిగుతుంది.

వేసవి: ఊపిరి ఆడే పొర

జూన్ నుంచి పైనీరు కాగి తేలికవుతుంది, కింది నీరు చల్లగా బరువుగా ఉండిపోతుంది. రెండింటికీ మధ్య ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయే పొరను థర్మోక్లైన్ అంటారు. దాని కింద ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. కాబట్టి ఎండాకాలం మరీ లోతుకు ఎర దించడం వృథా. సోనార్ తెరమీద ఆ పొర ఒక గీతలా కనిపిస్తుంది. దానికి పైన ఉన్న దిబ్బలు, వాగు అంచులు వెతకాలి. బాస్‌కు లోతుకు దూకే క్రాంక్‌బైట్, పొడవాటి వానపాము. తెల్లవారుజామున నీటిపై తేలే ఎర. దట్టమైన నాచు ఉంటే దానిమీద రబ్బరు కప్ప. క్రాపీలు వంతెనల నీడకు, ముంచిన కొమ్మల గుట్టలకు చేరతాయి.

శరత్తు: షాడ్ ఎటు పోతే అటు

శరత్తులో పైనీరు చల్లబడి కిందికి దిగడంతో పొరలు కలిసిపోతాయి. ఆ కొన్నాళ్లు చేపలు చెల్లాచెదురవుతాయి, వేట మందగిస్తుంది. తర్వాత షాడ్ గుంపులు వాగుల్లోకి తరలుతాయి. నీటిపై షాడ్‌లు చిటపటలాడుతున్న చోట చూడండి, కొంగలు వాలుతున్న చోట చూడండి. ఎర పొడవు షాడ్ పొడవుకు తగ్గట్టుండాలి. తెలుపు, వెండి రంగుల, రెక్క తిరిగే స్పిన్నర్‌బైట్, లిప్‌లెస్ క్రాంక్‌బైట్ బాగా పనిచేసేది ఇప్పుడే.

రంగు మాటేమిటి?

బాస్‌కు రంగులు తెలుస్తాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జరిపిన పరీక్షల్లో అవి ఎరుపును, ఆకుపచ్చను బాగా గుర్తుపట్టాయి. తెలుపుకూ పసుపుపచ్చ షార్ట్‌రూజ్‌కూ, నలుపుకూ నీలానికీ తేడా పోల్చుకోవడంలో మాత్రం తడబడ్డాయి. కాబట్టి డబ్బా నిండా రంగులు కొనక్కర్లేదు. తేట నీటిలో షాడ్ రంగు, నాచు రంగు ఎరలు. మురికి నీటిలో ముదురు రంగు లేదా షార్ట్‌రూజ్, దాంతోపాటు నీటిని కదిలించే రెక్క. చేప తన ఒంటి పొడవునా ఉండే పక్కగీతతో ఆ కదలికను పసిగడుతుంది.

నీరు చెప్పే లెక్క (సెల్సియస్‌లో)

10 కన్నా తక్కువ: లోతు నీరు, క్రాపీకి చిన్న జిగ్, బాస్‌కు బరువైనది, నిదానం.
13 – 16: ఒడ్డుకు వెళ్లే దారులు, ఎరుపు లిప్‌లెస్ క్రాంక్‌బైట్.
16 – 20: క్రాపీకి బెండు కింద జిగ్, బాస్‌కు టెక్సాస్ రిగ్.
26 దాటితే: తెల్లవారుజామున పైన, పగలు వాగు అంచుల్లో.
మళ్లీ 20కి దిగితే: వాగుల్లో షాడ్ రంగు ఎరలు.

ఎంత తేవాలి... ఎంత వదలాలి

ప్లానో, ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు లూయిస్‌విల్ జలాశయం దగ్గర్లోనే ఉంది. పిల్లలతో గాలం పట్టుకుని వెళ్లాలనుకునేవాళ్లు ముందు నియమాలు చూసుకోవాలి. టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవాళ్లకు లైసెన్సు ఉండాలి. రాష్ట్రవ్యాప్త నియమం ప్రకారం క్రాపీ 10 అంగుళాలకు తగ్గకూడదు, రోజుకు 25కు మించకూడదు. బాస్ 14 అంగుళాలు, రోజుకు 5. కొన్ని జలాశయాలకు వేరే లెక్కలున్నాయి. వెళ్లే ముందు రాష్ట్ర పార్కులు, వన్యప్రాణుల శాఖ నియమాలు చదవండి.

క్రాపీ మాంసం తెల్లగా, మెత్తగా, నీచు తక్కువగా ఉంటుంది. వేపుడుకు దివ్యంగా కుదురుతుంది. ఇంటికి సరిపడా తెచ్చుకోవడంలో తప్పులేదు. పెద్ద బాస్‌ను మాత్రం నీటికే వదిలేయండి. ఒక బాస్ అంత ఎదగడానికి ఏళ్లు పడుతుంది. పట్టి వదిలే పద్ధతిని బాస్ వేట పోటీలు నడిపిన రే స్కాట్ 1972లో తన టోర్నమెంట్లలోకి తెచ్చారు. టెక్సాస్ మరో అడుగు ముందుకేసింది. 13 పౌండ్లు, ఆపైన తూగే బాస్‌ను పట్టినవాళ్లు దాన్ని గుడ్ల కోసం రాష్ట్రానికి అప్పివ్వడానికి 1986లో షేర్‌లంకర్ పథకం పెట్టింది. తొలిచేప లేక్ ఫోర్క్‌దే, 17.67 పౌండ్లు. అలా పుట్టిన పిల్లల్ని జలాశయాల్లో వదులుతున్నారు. రేపు మన పిల్లల గాలానికి ఏ చేప తగులుతుందన్నది ఇవాళ మనం వదిలిన చేపను బట్టే ఉంటుంది. నీటిని చదవడం నేర్చినవాళ్లకు ఈ లెక్క విడిగా నేర్పక్కర్లేదు.