తెర పగిలిందా... టీవీ ఉందిగా!

ల్యాప్‌టాప్ మంచం మీంచి జారింది. పెద్ద ఎత్తేం కాదు, రెండడుగులు. తీరా తెరిచి చూస్తే సగం తెర నల్లగా, మిగతా సగం సాలెగూడులా! అమ్మాయి ప్రాజెక్టు రేపొద్దునే పంపాలి. పెళ్లి ఫొటోలు, తాతయ్య పింఛను కాగితాలు అన్నీ అందులోనే. షాపుకి తీసుకెళితే 'తెర మార్చాలండీ, వేలల్లో అవుతుంది, నాలుగు రోజులు పడుతుంది' అంటారు. ఇంటిల్లిపాదికీ దిగులు. ఆ దిగులుతో కూర్చున్న గదిలోనే గోడకి ముప్ఫై రెండు అంగుళాల తెర ఒకటి నిక్షేపంగా వేలాడుతుంటుంది. కానీ దానివంక ఎవరూ చూడరు. ఎందుకంటే అది టీవీ కదా!

నిజానికి పగిలింది తెర మాత్రమే. ఆలోచించే చిప్పు, ఫొటోలు దాచిన డిస్కు, కీబోర్డు... అన్నీ కింది సగంలో ఉంటాయి. చాలాసార్లు వాటికి దెబ్బే తగలదు. కొన్ని వందల రూపాయల హెచ్‌డీఎంఐ కేబుల్ ఒకటి తెచ్చి ల్యాప్‌టాప్‌కీ టీవీకీ కలిపితే 'చచ్చిపోయింది' అనుకున్న కంప్యూటర్ గోడమీద కళ్లు తెరుస్తుంది. తెర వేరు, కంప్యూటర్ వేరు. ఈ సంగతి ఇప్పుడు మరిచిపోయాం కానీ, ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో అందరికీ తెలిసిందే.

మొదట్లో అన్నీ టీవీకే!

1976లో స్టీవ్ వోజ్నియాక్ తయారుచేసిన ఆపిల్-1కి తెర లేదు, పెట్టె లేదు, కీబోర్డు కూడా కొన్నవాళ్లే తెచ్చుకోవాలి. బ్రిటన్‌లో క్లైవ్ సింక్లెయిర్ 1982లో విడుదల చేసిన జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అయితే అరచేతుల్లో ఇమిడే కీబోర్డు, అంతే. కంప్యూటర్ మొత్తం దాని కిందే! ప్రారంభ ధర 125 పౌండ్లు. అంత చవగ్గా ఇవ్వగలగడానికి ఒక కారణం, తెర ఖర్చు లేకపోవడమే. దాన్నుంచి వచ్చే వైరుని టీవీ వెనక యాంటెన్నా రంధ్రంలో గుచ్చి, ఓ ఛానెల్ ట్యూన్ చేసుకుంటే చాలు. టీవీ దృష్టిలో అది కూడా ఓ ప్రసార కేంద్రమే. మన దూరదర్శన్ రంగుల్లోకి మారిన ఏడాదే అక్కడి పిల్లలు ఇంటి టీవీలో ప్రోగ్రాములు రాస్తున్నారన్నమాట. ప్రోగ్రాములు దాచుకోవడానికి పాటలు వినే క్యాసెట్ రికార్డరే గతి.

అయితే ఆ తెరమీద ఒక వరుసలో పట్టేవి 32 అక్షరాలే. అదే ఏడాది అమెరికాలో వచ్చిన కమోడోర్ 64లో 40. ఆఫీసు కంప్యూటర్లలో మాత్రం 80 ఉండేవి. ఎందుకీ తేడా? యాంటెన్నా దారిలో వచ్చిన బొమ్మలో అంతకన్నా చిన్న అక్షరాలు పెడితే ఒకదాన్నొకటి కరుచుకుని చదవడానికి వీల్లేకుండా పోయేవి. టీవీని తయారుచేసింది దూరంగా కూర్చుని బొమ్మలు చూడ్డానికి. కంప్యూటర్ తెర ఉన్నది దగ్గరగా కూర్చుని అక్షరాలు చదవడానికి. నలభై ఏళ్లు దాటినా ఈ తగాదా పూర్తిగా తీరలేదు.

2012 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి నుంచి వచ్చిన రాస్ప్‌బెర్రీ పై కూడా ఈ పాత దారిలోనే నడిచింది. క్రెడిట్ కార్డంత ఉండే ఆ బోర్డు ధర 35 డాలర్లు. పిల్లలు ఇంట్లో ఉన్న టీవీకే తగిలించుకోవాలన్న ఉద్దేశంతో దానికి హెచ్‌డీఎంఐతో పాటు పాత టీవీల కోసం పసుపు రంగు వీడియో సాకెట్‌నీ పెట్టారు. మన దగ్గర 2025 జులైలో రిలయన్స్ జియో తెచ్చిన జియోపీసీ సంగతీ అంతే. సెట్‌టాప్ బాక్సుకి కీబోర్డు, మౌస్ తగిలిస్తే ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్ మనింటి టీవీలో కనిపిస్తుంది.

కనపడని తెరని ఆడించడమెలా?

సరే, పగిలిన ల్యాప్‌టాప్ దగ్గరికి వద్దాం. కేబుల్ కలిపారు. టీవీ రిమోట్‌లో సోర్స్ లేదా ఇన్‌పుట్ అని ఉన్న మీట నొక్కి, వైరు ఏ హెచ్‌డీఎంఐ రంధ్రంలో పెట్టారో ఆ నంబరు ఎంచుకున్నారు. చాలా ల్యాప్‌టాప్‌లలో వెంటనే బొమ్మ వచ్చేస్తుంది. ఒక్కోసారి ఉత్త నీలం తెరో, ఏ గుర్తులూ లేని వాల్‌పేపరో కనిపిస్తుంది. కంగారు పడొద్దు. పాస్‌వర్డ్ అడిగే గడి పగిలిన తెరమీద ఉండిపోయి ఉంటుంది. అలవాటైన చేత్తో పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కండి. తర్వాత విండోస్ గుర్తున్న మీటని పట్టుకుని 'పి' అక్షరం నొక్కి వదలండి. కింది బాణం ఒకసారి, ఎంటర్ ఒకసారి. రాలేదా? మళ్లీ అదే. బొమ్మని ఏ తెరమీద చూపాలో చెప్పే పట్టిక అది. అందులో ఒక్కో గడీ దిగుతూ ఉంటే టీవీ వంతు వస్తుంది. విండోస్ 7 నుంచీ ఈ కిటుకు ఉంది.

బొమ్మ రాగానే చేయాల్సిన మొదటి పని సినిమా పెట్టడం కాదు! ఫొటోలు, కాగితాలు పెన్‌డ్రైవ్‌లోకో బయటి డిస్కులోకో ఎక్కించుకోవడం. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌ని రిపేరుకిచ్చినా, అమ్మినా బెంగ లేదు. ఇంకో కీబోర్డు, మౌస్ తగిలించి మూత మూసేసి వాడుకోవాలనుంటే పవర్ సెట్టింగుల్లో 'మూత మూస్తే ఏమీ చేయొద్దు' అన్నది ఎంచుకోవాలి. లేదంటే మూత పడగానే నిద్రపోతుంది.

మాట ల్యాప్‌టాప్‌లోంచి, బొమ్మ టీవీలోంచి వస్తుంటే గడియారం పక్కనున్న స్పీకర్ గుర్తుని నొక్కి టీవీ పేరు ఎంచుకుంటే సరి. హెచ్‌డీఎంఐ ఒక్క తీగలోనే బొమ్మా, శబ్దమూ రెండూ వస్తాయి.

అంచులు కోసేస్తుందేం?

ఇక్కడే చాలామంది విసుగెత్తి వైరు పీకేస్తారు. కింద స్టార్ట్ బటన్ ఉండే పట్టీ సగమే కనిపిస్తుంది. పైన కిటికీ మూసే గుర్తు కనపడదు. అక్షరాల చుట్టూ తెల్లటి దెయ్యపు నీడ. మౌస్ కదిపితే బాణం ఓ క్షణం ఆలస్యంగా బయల్దేరుతుంది. 'టీవీ కంప్యూటర్‌కి పనికిరాదు' అని తేల్చేస్తారు. టీవీ పాడైందీ లేదు, కేబుల్ నాసిరకమూ కాదు. వచ్చింది కంప్యూటర్ బొమ్మ అని టీవీకి తెలియదు. దాని లెక్కలో అదింకా ఓ ఛానెలే.

అంచుల కథ గాజు గొట్టం టీవీలనాటిది. కరెంటు హెచ్చుతగ్గులకీ, వయసుకీ వాటిలో బొమ్మ కాస్త సాగేది, కుంచించుకునేది. చుట్టూ నల్లటి పట్టీ కనపడకుండా ఉండాలని బొమ్మని తెరకన్నా కొంచెం పెద్దదిగా గీసేవాళ్లు. స్టూడియోల వాళ్లూ అది తెలిసి ముఖ్యమైనవేవీ అంచుల్లో పెట్టేవాళ్లు కాదు. గొట్టాలు పోయి పలక టీవీలు వచ్చాయి. అవసరం తీరింది కానీ అలవాటు పోలేదు! బొమ్మ సైజు మెనూలో 'జస్ట్ స్కాన్', 'ఫిట్ టు స్క్రీన్', 'ఫుల్ పిక్సెల్' ఇలా కంపెనీకో పేరుతో ఓ సెట్టింగు ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే కోత ఆగుతుంది. తెల్లనీడ పోవాలంటే షార్ప్‌నెస్ బాగా తగ్గించాలి. పెంచితే అక్షరం స్పష్టంగా వస్తుందనుకుంటాం, జరిగేది సరిగ్గా తలకిందులు. మౌస్ ఆలస్యానికి గేమ్ మోడ్ మందు.

చాలా టీవీల్లో ఇన్ని తిప్పలు పడకుండా ఇన్‌పుట్ పేరుని 'పీసీ' అని మార్చుకునే వీలుంది. అది ఉత్త పేరు మార్పు కాదండోయ్! కొన్ని కంపెనీల టీవీలు ఆ పేరు చూడగానే సినిమా కోసం పెట్టుకున్న మెరుగులన్నీ పక్కనపెట్టి, కంప్యూటర్ పంపిన ప్రతి చుక్కనీ ఉన్నదున్నట్టు చూపిస్తాయి. రంగులు కూడా. మామూలుగా సినిమాల్లో నాలుగేసి చుక్కలకి కలిపి ఒకే రంగు సమాచారం పంపుతారు. మన కన్ను వెలుగునీడల్ని పట్టినంత చురుగ్గా రంగుల్ని పట్టదు కాబట్టి హీరో చొక్కా విషయంలో మనకా తేడా తెలియదు. నీలం మీద ఎర్ర అక్షరాలు రాస్తే మాత్రం తడికాగితం మీద సిరాలా అలుక్కుంటాయి.

'ర'కీ 'ఠ'కీ తేడా...

ఎంత సరిచేసినా కొన్ని టీవీల్లో అక్షరాలు బాగుండవు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే ముప్ఫై రెండు అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీలో అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. మొత్తం పదిన్నర లక్షలు. ఫుల్ హెచ్‌డీలో దాదాపు ఇరవై లక్షల డెబ్భై వేలు. 4కెలో సుమారు ఎనభై మూడు లక్షలు. అసలు చూడాల్సింది అంగుళానికి ఎన్ని చుక్కలన్నది. ముప్ఫై రెండు అంగుళాల హెచ్‌డీ రెడీలో 49 పడితే, బల్లమీద పెట్టుకునే ఇరవై నాలుగు అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో 92. నలభై మూడు అంగుళాల 4కె టీవీలో 102! అంటే అది మానిటర్‌నే మించిపోయింది.

ఇంగ్లిషు అక్షరం ఎలాగో నెట్టుకొస్తుంది. తెలుగు అలా కాదు. తలకట్టు, గుడి, కింద ఒత్తు, ఒత్తు కింద ఇంకో ఒత్తు! 'స్త్రీ' అని రాయడానికి ఎంత చోటు కావాలి? చుక్కలు చాలకపోతే 'ఠ'లో చుక్క పూడిపోయి 'ర' అవుతుంది. 'ధ' పొట్టలో గీత 'ద'లో కలిసిపోతుంది. ఉద్యోగ దరఖాస్తులో పేరు తప్పో ఒప్పో సరిచూసుకోవాల్సిన వేళ ఇది చిన్న ఇబ్బందేం కాదు. హెచ్‌డీ రెడీ టీవీ ముందు ఆరడుగుల దూరంలో కూర్చుని, కంప్యూటర్‌లో అక్షరాల సైజుని 125 లేదా 150 శాతానికి పెంచుకుంటే కొంత నయం. పాఠం వినడానికి, అమెరికాలో ఉన్న మనవరాలితో వీడియోకాల్ మాట్లాడ్డానికి అది భేషుగ్గా సరిపోతుంది. రోజూ నాలుగ్గంటలు టైపు చేయాలంటే మాత్రం శిక్షే. పాత మానిటర్ ఒకటి కొనుక్కోవడమే మేలు.

2020లో బడులు మూతబడినప్పుడు ఫోన్ల చిన్న తెరల్లోకి తొంగిచూస్తూ లెక్కలు నేర్చుకున్న పిల్లలెందరో. తెలంగాణలో ఆ సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు వచ్చాయి. టీచర్‌తో ఆన్‌లైన్ తరగతి అంటే మాత్రం ఫోనో, ల్యాప్‌టాపో ఉండాల్సిందే. ల్యాప్‌టాప్ ఉండి కూడా దాన్ని టీవీకి కలపొచ్చని తట్టని ఇళ్లలో ఇద్దరు పిల్లలు పద్నాలుగు అంగుళాల తెరముందు మోచేతులతో పొడుచుకున్నారు.

కొనేముందు ఓ మాట

పాత డెస్క్‌టాప్‌లకి ఉండేది నీలంరంగు వీజీఏ సాకెట్. 1987లో ఐబీఎం తెచ్చిన పద్ధతది. దాన్నుంచి హెచ్‌డీఎంఐ టీవీకి రావాలంటే ఉత్త వైరు చాలదు, సంకేతాన్ని మార్చే చిన్న పెట్టె కావాలి. షాపులో 'వీజీఏ-హెచ్‌డీఎంఐ ఇవ్వండి' అంటే ఏది చేతికొస్తే అది ఇస్తారు. కంప్యూటర్ వైపు వీజీఏ, టీవీ వైపు హెచ్‌డీఎంఐ అని విడమరిచి చెప్పాలి. తిరగేసింది కొంటే ఎన్నటికీ పనిచేయదు. వీజీఏలో శబ్దం రాదు, దానికి వేరే తీగ. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఉండే సీ-రకం యూఎస్‌బీ రంధ్రాలన్నీ బొమ్మనివ్వవు. ల్యాప్‌టాప్ వివరాల్లో అది డిస్‌ప్లేకి పనికొస్తుందని ఉంటేనే అడాప్టర్ కొనండి. కేబుల్ పొడవు అవసరం మేరకే. 4కె బొమ్మకి అయిదు మీటర్లు దాటిన మామూలు తీగలు మొరాయిస్తాయి.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది ఎర్త్. ల్యాప్‌టాప్ రేకు తాకితే చేతికి జిమ్మనిపించడం, టీవీలో 'గుయ్' మన్న హోరు... ఇవి సరైన ఎర్తింగ్ లేని ఇళ్లలో మామూలే. డెస్క్‌టాప్‌కీ, వీధిలోంచి వచ్చే కేబుల్ తీగ ఉన్న టీవీకీ మధ్య వోల్టేజీ తేడా ఉంటే హెచ్‌డీఎంఐ పోర్టు కాలిపోయే ప్రమాదమూ ఉంది. అలాంటి ఇళ్లలో ముందు రెంటి ప్లగ్గులూ తీసి, వైరు కలిపి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. వానాకాలం ఉరుము వినపడగానే ప్లగ్గులతో పాటు టీవీ వెనకున్న కేబుల్ కనెక్షన్ కూడా తీసేయండి.