గెలువ నొల్లని రాజులు

మధ్యయుగపు ఐరోపాను పటముగా పఱచి, అందొక రాజ్యమును ఆటగాని చేతికిచ్చి, తక్కిన రాజ్యముల నన్నింటిని యంత్రమునకే విడిచి, నాలుగైదు శతాబ్దులపాటు ఏలుకొమ్మని చెప్పెడి కంప్యూటరు క్రీడలు కొన్ని కలవు. ఇంగ్లండునందలి క్రియేటివ్ అసెంబ్లీ సంస్థ 2006లో వెలువరించిన ‘మెడీవల్ 2: టోటల్ వార్’ వానిలో ప్రసిద్ధమైనది. 1080లో మొదలై 1530తో ముగియునట్టి యీ ఆటలో కోటలు కట్టవలయును, పన్నులు విధింపవలయును, రాకుమార్తెలకు సంబంధములు వెదకవలయును, పోపుగారి యాగ్రహమునకు వెఱవవలయును. ఇన్నియు చేయుచు, దీర్ఘక్రీడ నెంచుకొన్నచో, 45 మండలములను వశపఱచుకొనిననే గాని విజయము సిద్ధింపదు.

మర్మము తెలిసినవానికి ఇది అసాధ్యమేమియు కాదు. ఏ కోటపైకి ఎంత సేనను నడపవలెనో, ఏ వర్తకు నెచ్చట నిలిపిన ఎంత రాబడి వచ్చునో, యంత్రము ఏ సందర్భమున పొరబడునో యెఱిగిన పిమ్మట రాజ్యము దానంతట అది విస్తరించుచునే యుండును. సింహాసనముపై నున్నవాడు వీరుడో, పిఱికివాడో, దైవభక్తుడో, త్రాగుబోతో ఆటగాడు విచారింపనే విచారింపడు. వంశవృక్షమున పది తరములు గడచినను ఒక రాజునకును మఱియొక రాజునకును భేదము తోపదు. విజయము చేతికందుచుండగనే విసుగు పుట్టును. ఆ విసుగునుండి తప్పించుకొనుటకై కొందఱు ఆటగాండ్రు తమకు తామే కొన్ని కట్టుబాట్లు విధించుకొని, ఆట యనుమతించిన పనులను సైతము విసర్జించి, తాము చేపట్టిన రాజు తన స్వభావమునుబట్టి, తన కాలమునుబట్టి ఏమి చేసియుండునో అది మాత్రమే చేయ పూనుకొందురు. ఈ రీతి ఆటను వారు రోల్‌ప్లే అనియు, కట్టుబాట్లను హౌస్ రూల్స్ అనియు వ్యవహరింతురు.

సేవ్ చేసిన ఆటను మరల తెఱవకుండుట వీనిలో మొట్టమొదటిది. యుద్ధమున ఓడినచో వెనుకటి స్థితికి పోయి మరల పోరాడవచ్చునన్న వెసులుబాటు ఉన్నంతకాలము ఏ నిర్ణయమునకును బరువుండదు గదా! తక్కినవి ఆటగాని యభిరుచినిబట్టి మాఱుచుండును. ఈ ఆటలో రాజవంశీయుడు లేకున్నను సామాన్యుడైన కెప్టెనుతో సేన నడిపించి కోటలు ముట్టడింపవచ్చును. కాని రాజబంధువు నాయకత్వము వహింపనిదే పరరాజ్యముపై దండెత్తరాదని పెక్కుమంది నియమము పెట్టుకొందురు. దానితో దండయాత్ర అనగా ఇంటనున్న యొక కుమారుని ప్రాణము నొడ్డుట అగును, ఉన్న కొడుకులు ముగ్గురైనచో ఏకకాలమున మూడు దిక్కుల యుద్ధము చేయుట మాటలు కాదు. మధ్యయుగమున సామంతులు ప్రభువునకు ఏటేట నలువది దినముల సైనికసేవ చేయు నాచార ముండెడిది. అది యెఱిగినవారు ముట్టడి యొకటి ముగియగానే సేనను విడదీసి యెవరి కోటలకు వారిని పంపివేయుదురు. ఎదుట నున్న నగరము కాపులేక పడియున్నను ముందడుగు వేయరు.

సేనానుల గుణములనుబట్టి నడచుకొనుట యింతకంటెను రసవంతమైనది. పట్టుబడిన సైనికులను విడిచిపెట్టినవానికి ధర్మవీరుడను పేరు, వధించినవానికి క్రూరుడను పేరు ఆటయే యిచ్చి, తదనుగుణములైన గుణచిహ్నములను చిత్రపటము క్రింద చేర్చును. చాలమంది వీనిని కూడికలుగాను, తీసివేతలుగాను మాత్రమే లెక్కింతురు. రోల్‌ప్లే చేయువాడో, దయాళువైన సేనాని చేత చిక్కిన శత్రువులను, మఱునాడు వారే తిరుగబడుదురని తెలిసియు, విడిపింపక మానడు. త్రాగుబోతైన పాలకుని చేత చక్కని సేనాప్రణాళిక వేయింపడు. కాలగణనలోని యొక చిక్కును సవరించుకొనువారును కలరు. ఈ ఆటలో ఒక్కొక్క వంతునకు రెండేండ్లు గడచినను పాత్రలకు ఆఱు మాసముల వయస్సే పెరుగును. చరిత్రలో 1087లో మరణించిన ఇంగ్లండు రాజు విలియము ఆటలో పండ్రెండవ శతాబ్దిని గూడ కనులార చూచుట ఇందువలననే. ఆట దస్త్రములలో ఒక సంఖ్యను మార్చినచో ఈ యసంబద్ధత తొలగును. తొలగించుకొన్నవాడు వంతులు నాలుగింతలైనను ఓపికతో ఆడుకొనును.

ఇంగ్లండునే యుదాహరణగా గైకొందము. ఆట ఆరంభమున లండను, నాటింగ్‌హాము, సముద్రమునకు ఆవలనున్న నార్మండీలోని కాన్ నగరము ఆ రాజ్యమునకు చెందియుండును. మామూలు ఆటగానికి కాన్ అనునది ఫ్రాన్సుపైకి దుముకుట కొక మెట్టు. చరిత్ర చదివినవానికి అట్లు కాదు. విలియము మరణకాలమున నార్మండీ జ్యేష్ఠుడైన రాబర్టునకును, ఇంగ్లండు రెండవ విలియమునకును సంక్రమింపగా, కనిష్ఠుడైన హెన్రీకి భూమి లేక ధనము మాత్రమే దక్కినది. ఆటలో ఇట్టి పంపకము లేదు; రాజు చనిపోగానే రాజ్యమంతయు చీలికయైన లేక వారసుని చేతికి వచ్చును. అందుచేత రోల్‌ప్లే చేయువాడు తానే పంపకము చేయును. కాన్ నుండి వచ్చు రాబడిని నార్మండీకే వ్యయింపవలెననియు, అన్న ప్రాణములతో నున్నంతవఱకు అక్కడి సేన తమ్ముని యుద్ధములకు రారాదనియు, ఇక్కడి ధనము అక్కడి కోటగోడలకు పోరాదనియు కాగితముపై వ్రాసికొనును. కొంతకాలమునకు స్కాట్లండుతో యుద్ధము వచ్చి, ఇంగ్లీషువారు సేన చాలక తడబడుచున్నప్పుడు, కాన్‌లో రౌతులు పనిలేక నిలిచియుందురు. ఒక్క మౌసు క్లిక్కుతో వారిని ఓడ నెక్కింపవచ్చును. ఎక్కింపడు! అన్నదమ్ముల పంతమును తన పంతముగా భావించి, ఉత్తరపు కోట యొకటి చేజాఱిపోవుచుండగా చూచుచు కూర్చుండును. అట్లు పోగొట్టుకొన్న కోటను గూర్చియే అతడు మిత్రులకు పదేపదే చెప్పుకొనును. పట్టుకొన్న నలువదైదు మండలములను గూర్చి యెవ్వరును అంత తీరికగా ముచ్చటించుకొనరు.

ఇది బుద్ధిపూర్వకముగా చేయు తెలివితక్కువపని కాదా యని ప్రాజ్ఞులు ప్రశ్నింపవచ్చును. తెలుగు పాఠకున కీ సందేహము ఎక్కువసేపు నిలువదు. అవధానసభలో నిషిద్ధాక్షరికి మెచ్చి చప్పట్లు కొట్టినవారమే గదా మనము. అంతకంటె ముఖ్యమైన విషయ మింకొకటి కలదు. తమ మేలునకు విరుద్ధములైన వ్రతములు పట్టుట మధ్యయుగపు ఐరోపా ప్రభువులకే అలవాటు. ఫ్రాన్సు రాజైన రెండవ జాన్ స్థాపించిన నక్షత్ర వీరసంఘమునందలివారు యుద్ధమున నిర్ణీతమైన కొలది దూరమునకు మించి వెనుదీయమని శపథము చేసి, 1352లో బ్రిటనీయందలి మోరోన్ యుద్ధమున ఆ శపథమునకు కట్టుబడి పెక్కుమంది హతులైరి. ఆ రాజే 1356లో ప్వాతియే యుద్ధమున ఆంగ్లేయులకు చిక్కి, 1360లో ముప్పది లక్షల బంగారు నాణెముల నిష్క్రయమునకు ఒడంబడి, హామీగా కుమారులను విడిచి స్వదేశమునకు మరలెను. వారిలో లూయీ యనువాడు 1363లో తప్పించుకొని పాఱిపోగా, జాన్ తన మాట దక్కించుకొనుటకై 1364 ఆరంభమున తానే లండనునకు పోయి, కొలది నెలలకే అక్కడ కన్నుమూసెను. ఆ ప్రయాణమునకు రాజకీయ కారణములును ఉండియుండునని చెప్పువారు లేకపోలేదు. అయినను ఏ యంత్రపు గణితమును రాజున కిట్టి యెత్తు సూచింపదు. డచ్చి చరిత్రకారుడైన యోహాన్ హైజింగా 1919లో మధ్యయుగాంతమును గూర్చియు, 1938లో మానవుని క్రీడాప్రవృత్తిని గూర్చియు మహాగ్రంథములు రచించెను. రెండు విషయములు ఒకే మనస్సు నాకర్షించుట కాకతాళీయమని నే ననుకొనను.

అందఱును జాన్ వంటివారే యని భ్రమింపనక్కఱలేదు. 1454లో బర్గండీ డ్యూకు లీల్ నగరమున విందు చేసి, సజీవమైన ఫెజంటు పక్షి నెదుట నుంచుకొని, కాన్‌స్టాంటినోపిల్‌ను తురుష్కులనుండి విడిపింతునని తన సరదారులతో కూడ ప్రమాణము చేసెను. ఆ దండయాత్ర జరుగనే లేదు. ఈ విషయమున మన ఆటగాండ్రే నయము.

రోల్‌ప్లే పుట్టుకయు మధ్యయుగపు యుద్ధక్రీడలోనే యున్నది. అమెరికాలో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ అనువారు 1971లో చిన్న బొమ్మలతో మధ్యయుగ సమరము లాడుకొనుటకై ‘చెయిన్‌మెయిల్’ అను నియమావళిని ప్రచురించిరి. సేనలకు బదులు ఒక్కొక్క ఆటగాడు ఒక్కొక్క వీరుని పాత్రను ధరించు పద్ధతి దానికి తోడై, గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల చేతులలో 1974 నాటికి ‘డంజెన్స్ అండ్ డ్రాగన్స్’ అయినది. సేనలను వదలి పాత్రలోనికి పోయిన ఆ క్రీడ నేడు పాత్రతో గూడ సేనల చెంతకు మరలివచ్చినదన్నమాట.

ఆటల నిర్మాతలును ఈ రుచిని కనిపెట్టిరి. స్వీడన్‌లోని పారడాక్స్ సంస్థ 2020లో విడుదల చేసిన ‘క్రూసేడర్ కింగ్స్ 3’లో రాజు తన స్వభావమునకు విరుద్ధముగా వర్తించినచో వానికి మనఃక్లేశము పెరుగునట్లు ఏర్పాటున్నది, దయాళువు బందీలను చంపించినచో ఆ వ్యథ వానినే దహించును. ఏర్పాటు చక్కనిదే. కాని వ్యథకును ఒక సంఖ్య యున్నది; సంఖ్య యున్నచోట ఎంతవఱకు భరింపవచ్చునో లెక్కవేయు నేర్పరియు పుట్టును. నోటుపుస్తకమున స్వహస్తముతో వ్రాసికొన్న నియమమును అట్లు లెక్కవేసి తప్పించుకొనుట కుదరదు. అతిక్రమించినచో చూచినవాడు లేకున్నను, అతిక్రమించితినని తనకు తెలియును.

దీనికి ముందటి ‘క్రూసేడర్ కింగ్స్ 2’నకు 2014లో ‘రాజాస్ ఆఫ్ ఇండియా’ అను అనుబంధము వెలువడి, భారతదేశమును పటమున చేర్చినది. వేంగిని చేపట్టు తెలుగువాడు ఐరోపా నియమములను ఎరువు తెచ్చుకొననక్కఱలేదు, మేనరికమొక్కటి చాలును. వేంగి రాజైన రాజరాజనరేంద్రుని తల్లి కుందవ్వ చోళ రాజరాజు కుమార్తె; అతడు వివాహమాడిన అమ్మంగదేవి తన మేనమామయగు రాజేంద్రచోళుని కూతురు; వారి కుమారుడును మరల మేనమామ కూతురైన మధురాంతకినే చేపట్టెను. వారసునకు చోళుల యింటి పిల్లను తప్ప మఱియొకతెను చేయనని ఆటగాడు పట్టుపట్టినచో, కల్యాణి చాళుక్యులనుండి ఎంత లాభకరమైన సంబంధము వచ్చినను త్రోసిపుచ్చవలసివచ్చును. అత్తవారి యుద్ధములలో అకారణముగా ఇరుకుకొనవలసివచ్చును. చరిత్రలో ఆ మధురాంతకి భర్తకు వేంగి సింహాసనము వెంటనే దక్కలేదు. పినతండ్రి విజయాదిత్యుడు దాని నాక్రమించెను. 1070లో చోళ సింహాసనమునకు వారసుడు కఱవు కాగా, మేనల్లుడై, అల్లుడై యున్న ఆతడే కులోత్తుంగ చోళుడై దాని నధిష్ఠించెను.