కోసాడ్ గృహములలో చెమ్మయు, శ్వాసకోశ రోగుల వ్యాయామమును

సూరతు నగరమున తాపీనదికి ఉత్తరముగా నున్న కోసాడ్ నందు మునిసిపల్ కార్పొరేషనువారు, 2005వ సంవత్సరమున నారంభమైన జవాహర్‌లాల్ నెహ్రూ జాతీయ నగర పునరుద్ధరణ పథకము క్రింద, బీదలకై పెక్కంతస్తుల గృహములు నిర్మించిరి. ఈ ప్రాంతమున సాలీనా వర్షమంతయు దాదాపుగా జూన్ మొదలు సెప్టెంబరు వరకే కురియును. ఆ నాలుగు నెలలు గోడలారుట కష్టము. చెమ్మయు బూజును గల యిండ్లలో దగ్గు, పిల్లికూత, ఉబ్బసము హెచ్చుగా నుండునని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2009లో ప్రకటించిన మార్గదర్శకములయందు తెలిపియున్నారు.

తనిఖీ చేయు అధికారి మొదట చెమ్మ యెచ్చటినుండి వచ్చుచున్నదో తెలిసికొనవలెను. నేలనుండి యెక్కు చెమ్మ గోడ యడుగుననే యుండి, ఉప్పు పూచి సున్నమును రాల్చును. పైకప్పు కారుట వర్షము తరువాత మరక విస్తరించుటచే తెలియును. వానలేని దినములందును తడి తగ్గనియెడల పైయింటి స్నానపుగది గొట్టమును అనుమానింపవలెను. పెక్కంతస్తుల గృహములలో మిక్కిలి చిక్కు తెచ్చునది యిదియే. కారుట యొకరి యింట, దగ్గు వేరొకరి యింట. క్రింది కాపురస్థుడు ఎన్నిసార్లు సున్నము వేసినను ప్రయోజనము లేదు. మరమ్మతు బిల్లులో రంగు అని మాత్రమే యున్నచో, సంతకమునకు ముందు గోడను ముట్టి చూచుట మేలు.

ఇంటివారు పుట్టించు తేమ వేరు. మూతలేని వంటపాత్ర, గదిలో ఆరవేసిన బట్టలు, స్నానపు ఆవిరి చల్లని గోడను తాకి నీరగును. గిన్నెలకు మూతయిడుట, బట్టలను వసారాలో ఆరవేయుట, బీరువాను గోడకు జానెడు ఎడముగా జరుపుట వ్యయములేని పనులు. ముసురు పట్టిన దినమున వెలుపలి గాలియే తడిసియుండును గనుక కిటికీ తెరచినంతమాత్రమున గది యారదు. వంటయింట ఆవిరిని బయటికి నెట్టు పంకా యున్న మేలు. చిన్న బూజుమచ్చను సబ్బునీటి గుడ్డతో తుడువవచ్చును, పొడిచీపురుతో రుద్దరాదు. ఈ పని రోగి చేయరాదు, ఆ సమయమున గదిలో నుండనురాదు.

ఇక వ్యాయామము. ఆయాసము వచ్చునను భయముచే రోగి మంచము విడువడు; కదలిక లేక కాళ్ల కండలు క్షీణించును; అందుచే కొద్దిపాటి పనికే ఆయాసము హెచ్చును. ఈ చక్రమును త్రెంచునది నడక. వైద్యపర్యవేక్షణమున వారమునకు రెండు మూడు దినముల చొప్పున 6 మొదలు 8 వారములు శిక్షణము పొందినవారికి నడకశక్తి హెచ్చి ఆయాసము తగ్గునని పరిశోధనలవలన తెలియవచ్చినది. చెడిన ఊపిరితిత్తి దీనిచే బాగుపడదు. బాగుపడునవి కండలును ధైర్యమును. నడచుచు ఒక పూర్తి వాక్యము పలుకగలిగిన వేగము తగినది. ముక్కుతో పీల్చి, ఈలవేయునట్లు పెదవులు ముడిచి మెల్లగా వదలవలెను. ఛాతీనొప్పి గాని పెదవుల నీలిమ గాని కనబడిన వెంటనే ఆపి వైద్యసహాయము పొందవలెను. రెండు వారములు మించిన దగ్గును చెమ్మదగ్గని కొట్టివేయక క్షయపరీక్షకు పంపవలెను. వర్షకాలమున నడచుటకు నడవలే దిక్కు. అవి సామానులతో మూతపడకుండ చూచుట వార్డు సిబ్బంది పని.

గృహముల కేటాయింపునం దొక చిక్కు కలదు. ఆయాసరోగికి నేలయంతస్తు ఇచ్చిన మెట్లు తప్పును గాని చెమ్మ పట్టును. 2006 ఆగస్టున ఉకాయి జలాశయమునుండి విడిచిన నీటిచే సూరతు మునిగినట్టి వరదలలో మొదట తడియునదియు నదియే. మీది యంతస్తు ఇచ్చిన గోడ పొడిగా నుండవచ్చును గాని రోగి యిల్లు కదలడు. మొదటి యంతస్తు మేలైన రాజీ. అది దొరకనియెడల నేలయంతస్తు గోడను ముందు బాగుచేసి పిదప తాళము చేతి కీయవలెను.

ఇంగ్లండునందలి రాచ్‌డేల్ పట్టణమున 2020లో రెండేండ్ల బాలుడొకడు బూజుపట్టిన యింట నుండి శ్వాసకోశవ్యాధిచే మరణించెను. అంతకుముందు తండ్రికి లభించిన సలహా, బూజుపై రంగు వేసికొమ్మనియే. బూజే కారణమని 2022లో మరణవిచారణాధికారి నిర్ణయింపగా, 2023లో ఆ బాలుని పేర శాసనము పుట్టి, 2025 అక్టోబరు 27 నుండి అమలునకు వచ్చినది. అపాయకరమగు చెమ్మను గృహయజమాన సంస్థ 10 పనిదినములలో విచారింపవలెను. అత్యవసరమైనచో గడువు 24 గంటలే. కోసాడ్ వంటి చోట్ల ఫిర్యాదు పుస్తకమున చెమ్మకొక గడియు, ఆ యింట శ్వాసకోశరోగి కలడా యను ప్రశ్నయు చేర్చినయెడల, జూన్ రాకమునుపే ఏ గోడను ముందు చూడవలెనో ఇంజినీరుకు తెలియును.