బొమ్మ రైలుకు బరువొచ్చింది!

మీట నొక్కగానే రయ్యిమంటూ దూసుకెళ్లి, మలుపు దగ్గర పట్టాలు తప్పి బోర్లాపడే బొమ్మ రైలు అందరికీ తెలిసిందే. అదే బొమ్మ... ముందు కూత పెట్టి, ఇంజిన్‌ గుర్రుమన్నాక, అంగుళం అంగుళం కదులుతూ స్టేషన్‌ వదిలితే? అచ్చం నిజం రైలే! ఆ తేడా అంతా ఇంజిన్‌ లోపలుండే బుల్లి చిప్‌దీ, అందులో మనం దిద్దే నాలుగంకెలదీ.

మొగుడంపల్లి నుంచి జహీరాబాద్‌ స్టేషన్‌కి వచ్చి వికారాబాద్‌ వైపు బండెక్కినవాళ్లకు డీజిల్‌ ఇంజిన్‌ తీరు తెలిసే ఉంటుంది. చప్పుడు ముందు పెరుగుతుంది, బండి తర్వాత కదులుతుంది. వందల టన్నుల బరువు మరి! ఆ తీరు పట్టుబడకపోతే ఎంత ఖరీదైన మోడలైనా బొమ్మే.

పట్టాల్లోనే ఆదేశం

పాత పద్ధతిలో పట్టాలకు కరెంటు పెంచితే వాటిమీదున్న ఇంజిన్లన్నీ ఒకేసారి పరుగెడతాయి. డిజిటల్‌ కమాండ్‌ కంట్రోల్‌... అదే డీసీసీలో అలా కాదు. కరెంటు ఎప్పుడూ ఉంటుంది, దాంతోపాటే ‘మూడో నంబరు ఇంజిన్‌ కదలాలి’ అన్న ఆదేశమూ వెళ్తుంది. ఆ నంబరున్న చిప్పే దాన్ని పాటిస్తుంది. జర్మనీలోని లెంజ్‌ కంపెనీ రూపొందించిన ఈ పద్ధతి ఆధారంగానే అమెరికాలోని నేషనల్‌ మోడల్‌ రైల్‌రోడ్‌ అసోసియేషన్‌ 1990ల్లో ప్రమాణాలు ఏర్పరచింది. అందుకే చిప్‌ ఎవరిదైనా ముఖ్యమైన సెట్టింగుల నంబర్లు ఒకటే. వీటినే సీవీలంటారు.

వేగానికి కళ్లెం

సీవీ 2 బయల్దేరే వేగం, సీవీ 5 గరిష్ఠ వేగం. అసలు కిటుకు 3, 4లలో ఉంది. 3 పెంచితే వేగం మెల్లగా అందుకుంటుంది, 4 పెంచితే మెల్లగా ఆగుతుంది. బొమ్మకు ‘బరువు’ వచ్చేది ఇక్కడే! కాకపోతే 4 మరీ పెంచితే స్టేషన్‌ దాటిపోయాక ఆగుతుంది.

గరిష్ఠ వేగం ఎంతుండాలి? దానికో చిన్న లెక్క. మన డబ్ల్యూడీఎం-2 డీజిల్‌ ఇంజిన్‌ గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. అసలులో 87వ వంతు ఉండే హెచ్‌ఓ మోడల్‌ అయితే మీటరు దూరాన్ని సుమారు 2.6 సెకన్లలో దాటాలి. టేపు, స్టాప్‌వాచ్‌ ఉంటే పిల్లలే చూసి చెప్పేస్తారు.

చప్పుడుకూ లెక్కుంది

శబ్దం సీవీలు మాత్రం కంపెనీని బట్టి మారతాయి. ఈఎస్‌యూ లోక్‌సౌండ్‌ చిప్‌లలో మొత్తం శబ్దాన్ని 63తో తగ్గించొచ్చు, పెంచొచ్చు. బుల్లి స్పీకరు కదా, మరీ పెంచితే గొంతు పగిలినట్లే ఉంటుంది. రెండు సిలిండర్ల ఆవిరి ఇంజిన్‌ అయితే పెద్ద చక్రం ఒక్కసారి తిరిగేలోపు నాలుగుసార్లు ‘ఛుక్‌’ మనాలి. మూడో అయిదో వినిపిస్తే సర్దాల్సిందే.

ఇవి మరవొద్దు

* మార్చే ముందు పాత అంకెలు కాగితంమీద రాసుకోండి.
* ఒకసారి ఒక్క సీవీనే మార్చి, నడిపి చూడండి.
* ప్రోగ్రామింగ్‌ పట్టాలమీద ఒక్క ఇంజిన్నే ఉంచండి. లేదంటే అన్నీ మారిపోతాయి!
* అంతా గందరగోళమైతే చాలా చిప్‌లలో సీవీ 8కి 8 ఇస్తే మొదటికొస్తుంది. అయితే ముందు చిప్‌తో వచ్చిన పుస్తకం చూడటం మంచిది.

ఇదంతా పిల్లలాటేగా అనుకోవద్దు. మనదేశంలో బ్రాడ్‌గేజ్‌ మీద ఆవిరి ఇంజిన్ల రోజువారీ ప్రయాణం 1995తోనే ముగిసింది. విద్యుదీకరణతో డీజిల్‌ ఇంజిన్లూ పక్కకు తప్పుకుంటున్నాయి. ఆ గుర్రుమనే చప్పుడు ఎలా ఉండేదో, అది విన్నాక బండి ఎంత ఆలస్యంగా కదిలేదో చెప్పగలిగేది విన్నవాళ్లే. అందుకే అంకెలు దిద్దేటప్పుడు తాతయ్యను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయన చెవికి మించిన మీటరు లేదు!