ఉదయపు గంజికి ఓట్స్ నూక: ఎంపిక, వంట విధానం

మదురై నుండి తిరునెల్వేలి వెళ్ళే రహదారిలో కోవిల్‌పట్టి దాటిన తరువాత వచ్చే ఊరు కయత్తారు. 1799 అక్టోబరు 16వ తేదీన వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఉరితీసిన స్థలంగా ఈ పేరు పాఠకులలో చాలామందికి పరిచితమే. ఇక్కడిది నల్లరేగడి నేల. వానను నమ్ముకొన్న ఈ భూములలో తరతరాలుగా పండినవి కంబు, జొన్న, ఊదలు, ప్రత్తి. ఆంధ్రదేశంలో సజ్జలు అనే ధాన్యాన్నే ఇక్కడ తమిళులతో పాటు మేమూ కంబు అంటాము. శతాబ్దాల క్రిందట ఉత్తరం నుండి వచ్చి ఈ సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఉదయపు ఆహారం ఆ కంబు గంజియే. అటువంటి ఊరిలో నేడు చిన్న కిరాణా కొట్టులో కూడా ఓట్స్ పొట్లాలు వ్రేలాడుతున్నాయి. వాటిని గురించి తెలుసుకోవలసిన అవసరం మా ఇంట్లోనే కలిగింది.

మా అత్తగారికి డెబ్బై రెండేళ్ళు. మధుమేహం వచ్చి పదిహేనేళ్ళయింది. ఉదయం ఇడ్లీలు తగ్గించి ఓట్స్ తీసుకొమ్మని వైద్యులు సలహా ఇచ్చారు. ఏ ఓట్స్ అని వారు చెప్పలేదు, మేము అడగలేదు. కొట్టులో దొరికిన మసాలా ఓట్స్ తెచ్చాను. మూడు నిమిషాలలో సిద్ధమయ్యేది, బడికి వెళ్ళే తొందరలో నాకు అనుకూలంగానే ఉండేది. ఆవిడ అది మందు గదా అన్న నమ్మకంతో రోజూ రెండు గిన్నెలు తీసుకొన్నారు. నెల తిరిగేసరికి తిన్న రెండు గంటల తరువాతి చక్కెర 260 చూపించింది. ఇడ్లీలు తిన్న రోజులలో అది 220 దాటి ఎరుగదు. "గుర్రాల మేత అన్నావే, గుర్రాలకు చక్కెర రోగం రాదా అమ్మా?" అని ఆవిడ నవ్వారు గాని, నాకు నవ్వు రాలేదు. పొట్లం వెనుక చిన్న అక్షరాలను అప్పుడు మొదటిసారి చదివాను. ఓట్స్‌తో పాటు ఉప్పు, చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం అందులో ఉన్నాయి. పిల్లలకు సమతులాహార పాఠం చెప్పే నేను ఒక నెలపాటు ఆ పొట్లాన్ని తిప్పి చూడకపోవడం నా తప్పే.

ఇక విషయానికి వద్దాము. ఓట్స్ చల్లని దేశాల ధాన్యం. ఉత్తర భారతంలో దీనిని ముఖ్యంగా పశుగ్రాసం కొరకే పండిస్తారు. పై ఊక తీయగా మిగిలే గింజను ఎలా మార్చారన్నదే అసలు భేదం. మన వంటింటి మాటలలో చెప్పుకొంటే ఇది సులభంగా అర్థమవుతుంది. గింజను ఉక్కు కత్తులతో రెండు మూడు ముక్కలుగా కోస్తే స్టీల్ కట్ ఓట్స్. అది నూక. గింజను ఆవిరిలో మెత్తబరచి, రోలర్ల నడుమ నొక్కితే రోల్డ్ ఓట్స్. అది అటుకులు. ఆ అటుకులనే మరింత పలుచగా నొక్కి, ముందే ఉడికించి ఆరబెడితే ఇన్‌స్టంట్ ఓట్స్. మూడూ ఒకే గింజ. ఉదరంలో మాత్రం మూడూ ఒకటి కావు. నూక గట్టిగా ఉండటం వలన జీర్ణరసాలు దాని లోపలికి చేరడానికి సమయం పడుతుంది. పలుచని అటుకు వెంటనే కరిగి, రక్తంలోకి చక్కెర త్వరగా చేరుతుంది. 2015లో పలు పరిశోధనలను క్రోడీకరించిన ఒక సమీక్షలో గ్లైసీమిక్ సూచిక స్టీల్ కట్ ఓట్స్‌కు సుమారు 55, ఇన్‌స్టంట్ ఓట్స్‌కు సుమారు 75 అని తేలింది. మా ఇంటిలో జరిగినదానికి కారణం కొంత ఇది, కొంత ఆ రెండవ గిన్నె.

మరి ‘క్విక్ స్టీల్ కట్’ అంటే ఏమి? మామూలు నూక ఉడకడానికి ఇరవై అయిదు, ముప్పై నిమిషాలు పడుతుంది. దానినే మరింత సన్నగా కోస్తే, కొన్ని రకాలలో కొంత ఆవిరి కూడా పట్టిస్తే, అయిదు నుండి ఏడు నిమిషాలలో ఉడుకుతుంది. అంటే అది నూకకు, రవ్వకు మధ్యస్థంగా ఉండే సరుకు. సమయం ఆదా అయ్యేది ముక్క చిన్నదవటం వలననే, ముక్క చిన్నదైన కొలదీ జీర్ణమూ త్వరపడుతుంది. కనుక దీనిని ముతక నూకతో సమానంగా ఎంచరాదు, మసాలా పొట్లంతో పోల్చి తృణీకరించనూ రాదు. ఎనిమిది గంటల బస్సు అందుకోవలసిన ఇంటికి ఇది సరియైన మధ్యమార్గమని నా అభిప్రాయం.

కొనేటప్పుడు మొదట పదార్థాల వరుస చదవండి. అందులో ఓట్స్ అనే ఒక్క మాటే ఉండవలెను. తరువాత ఉడికే సమయం చూడండి. ఒక నిమిషం, రెండు నిమిషాలు అని ఉంటే, ముందు వైపు ఏ పేరు ముద్రించినా, అది నూక కాదని తలచవచ్చు. పొట్లంలో కిటికీ ఉంటే ముక్కల ఆకారం కనబడుతుంది: బల్లపరుపుగా కాక, కోసిన అంచులతో ఉండవలెను. గోధుమ పడనివారు గ్లూటెన్ రహితమని ముద్ర ఉన్నదానినే తీసుకోవలెను, ఎందుకంటే పొలంలోను, మరలోను ఓట్స్‌లో గోధుమ కలిసే అవకాశం ఎక్కువ.

తెచ్చిన తరువాత వాసన చూడండి. ఓట్స్‌లో కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వును చెడగొట్టే ఒక ఎంజైము గింజలోనే ఉంటుంది, అందుకే మరలో గింజను ముందుగా వేడిచేసి దానిని అణచివేస్తారు. ఇది చదివినప్పుడు మా అమ్మమ్మ జ్ఞాపకం వచ్చింది. ఆవిడ కంబును ఏనాడూ వారానికి సరిపడా దంచి పెట్టలేదు. ఏ పూటకు కావలసినది ఆ పూటనే, తడి చల్లి రోటిలో దంచి, పొట్టు చెరిగి, తిరగలిలో నూక విసిరేది. కంబు పిండి నాలుగు రోజులకే చేదెక్కుతుంది. కారణం ఆ కొవ్వు, ఆ ఎంజైమే. మర చేసే పనిని అమ్మమ్మ కాలనియమంతో చేసింది.

వంట విషయం. ఇద్దరికి అర గ్లాసు నూక చాలును, అనగా సుమారు 80 గ్రాములు. నూనె లేకుండా సన్న సెగపై రెండు నిమిషాలు వేయిస్తే జిగురు తగ్గి, కమ్మని వాసన వస్తుంది. నూకకు మూడింతలు నీరు లోతైన గిన్నెలో మరిగించండి. లోతు తక్కువైతే పొంగి పొయ్యి పాలవుతుంది, నాకు రెండుసార్లు అయింది. చిటికెడు ఉప్పు వేసి, కలుపుతూ నూకను పోసి, సెగ తగ్గించి ఆరేడు నిమిషాలు ఉంచి దింపండి. మూతపెట్టి మరి అయిదు నిమిషాలు ఆగండి. నూక పంటికి తగలవలెను. గుజ్జు అయ్యేదాకా ఉడికిస్తే నూక కొన్న ప్రయోజనమే పోతుంది. గోరువెచ్చగా అయిన పిమ్మట చిలికిన మజ్జిగ, తరిగిన చిన్న ఉల్లిపాయలు, కరివేపాకు కలపండి. వేడిగా ఉండగా మజ్జిగ పోస్తే విరుగుతుంది. ప్రక్కన వేయించిన చల్ల మిరపకాయ ఒకటి ఉంటే మా అత్తగారు మారు మాటాడరు. బెల్లం, ఖర్జూరం, రెండేసి అరటిపండ్లు చేర్చితే మాత్రం మళ్ళీ మొదటికే వస్తాము.

ముతక నూకే దొరికితే రాత్రి పడుకొనే ముందు మరిగే నీరు పోసి మూతపెట్టండి. ఉదయం పది నిమిషాలలో ఉడుకుతుంది.

ఇంత ధర పెట్టి దీనినే కొనవలెనా అని కొందరు అడుగుతారు. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు ఉన్నది. దినానికి 3 గ్రాములు తీసుకొంటే కొలెస్ట్రాల్ తగ్గుతుందని గుర్తించి, 1997లో అమెరికా ప్రభుత్వం గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చునన్న మాటను పొట్లాలపై ముద్రించుకోవడానికి అనుమతించింది. 40 గ్రాముల నూకలో అది ఇంచుమించు ఒకటిన్నర గ్రాము మాత్రమే కనుక, ఒక గిన్నెతో ఆ లెక్క పూర్తి కాదు. కంబులో, ఊదలలో ఆ పీచు చెప్పుకోదగినంత లేదు. కంబులో ఇనుము ఎక్కువ, వెల తక్కువ. కొలెస్ట్రాల్ ఉన్నవారు ఓట్స్ కొనడంలో అర్థమున్నది. కేవలం ఇడ్లీకి బదులుగా ఏదైనా కావాలంటే, ముతకగా విసిరిన కంబు నూకను వదిలి ఓట్స్ కోసం పట్టణం పోనక్కరలేదు.

మా ఇంట ఇప్పుడు వారానికి నాలుగు రోజులు ఓట్స్ నూక, మూడు రోజులు కంబు నూక, ఒక్క గిన్నె చొప్పున. మొన్నటి పరీక్షలో 180 వచ్చింది. నడక కూడా మొదలుపెట్టారు కనుక అంతా నూక మహిమ అనను. మధుమేహానికి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడుతున్నవారు ఆహారం మార్చే ముందు వైద్యునికి తెలుపవలెను. మందు మోతాదు పాతదే ఉండి తిండి తగ్గితే చక్కెర హఠాత్తుగా పడిపోతుంది. ఆ సంగతి అడిగినప్పుడు మా వైద్యులు ఉదయపు మాత్రను సగం చేశారు.